వీణపూవు: రాలిన పువ్వు కోసం 41 పద్యాలా?

ప్రశ్న:
మలయాళ కవి కుమారన్ ఆశాన్ 'వీణపూవు' అనువాదంలో చదివాను. పేరు చూసి మన వీణే అనుకున్నా, మలయాళంలో రాలిపడిన అని అర్థమట. రాణిలా వెలిగిన పువ్వు నేల మీద పడి ఉంటే దాని పసితనం, పరువం, వెంటపడ్డ తుమ్మెద, చివరికి చావు, ఇదంతా తలుచుకుని బాధపడటమే కదా. అందం వాడిపోతుందన్న దిగులు తప్ప నాకేమీ కనపడలేదు, అదీ మరీ ఎక్కువైనట్టుంది. 1907లో వచ్చినదానికి ఇప్పటికీ ఇంత పేరెందుకు?

జవాబు 1:
మూలం వసంతతిలకం అనే వృత్తంలో ఉంది, పాదానికి 14 అక్షరాలు. అర్థం కాకపోయినా ఎవరైనా చదువుతుంటే ఒకసారి వినండి, ఆ దిగులంతా నడకలోనే ఉంది.

జవాబు 2:
మీరు అందం దగ్గరే ఆగిపోయారండీ. చివరికొచ్చేసరికి ఆయన పువ్వుతో మనం తోబుట్టువులం కామా, అందరినీ చేసింది ఒకే చెయ్యి కాదా అంటారు, ఆ పద్యం మళ్ళీ చూడండి. ఆశాన్ కేరళలో అప్పట్లో అంటరానిదిగా చూసిన ఈళవ కులంలో పుట్టినవారు, సంఘ సంస్కర్త నారాయణగురు శిష్యుడు, 1903లో ఆ గురువు పేరుమీద ఎస్ఎన్‌డీపీ యోగం అనే సంస్కరణ సంఘం మొదలైనప్పుడు దానికి కార్యదర్శి. తిరువాన్కూరు సంస్థానం గుళ్ళలోకి ఆయన కులంవాళ్ళని 1936 దాకా రానివ్వలేదు, అప్పటికి ఆయన పోయి పన్నెండేళ్ళు. అలాంటి చోట నిలబడి రాలిన పువ్వుని నా తోబుట్టువు అన్న మనిషి మాటని ఉత్త సెంటిమెంట్ అనడానికి నాకు మనసొప్పదు.

జవాబు 3:
మన కరుణశ్రీ 'పుష్పవిలాపం' పక్కన పెట్టి చదవండి. అక్కడ పూలే నోరు తెరిచి కోసేవాణ్ణి నిలదీస్తాయి, ఇక్కడ పువ్వు ఒక్క మాటా అనదు. నన్ను ఎక్కువ కలచివేసేది ఈ మౌనమే.

ప్రశ్న అడిగినవారు:
ఆ పద్యం మళ్ళీ చదివాను, మొదటిసారి ఎలా దాటేశానో! కానీ ఆఖర్న కన్నీళ్ళ వల్ల లాభం లేదు, ఈ బతుకే ఒక కల అంటారే, తోబుట్టువు అన్న మాటకి అది ఎదురు కాదా?

జవాబు 2:
నాకూ ఎదురుగానే అనిపిస్తుంది. అయితే ఇక వెనక్కి తిరుగు అని తన కంటికి చెప్పింది ఆఖరి పద్యంలో కదా, అప్పటిదాకా నలభై పద్యాలు ఆ పువ్వు దగ్గరే ఉన్నారు.