సందేహం: కడుపు ఆపరేషన్ అయి నెల కాలేదు, పిల్లలతో కువైట్ తిరిగిపోవాలి. తిండి, ఇల్లు ఎట్లా చూసుకోవాలి?

తిరుచానూరు అమ్మాయి (అడిగినవారు)

అందరికీ నమస్కారం. మాది తిరుచానూరు. పెళ్ళయినప్పటి నుంచి కువైట్‌లో, అబ్బాసియాలో ఉంటున్నాం. బాబుకు ఎనిమిదేళ్ళు, పాపకు మూడు. రెండేళ్ళుగా కడుపులో మంట ఉన్నా మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చాను. తలనొప్పి వస్తే నొప్పి మాత్ర, నడుం పట్టేస్తే ఇంకో నొప్పి మాత్ర. సెలవులకు ఇంటికి వచ్చాక తిన్నది తిన్నట్టు సాయంత్రానికి వాంతి అయ్యేది. ఎండోస్కోపీ చేసి, పుండు మానుతూ మళ్ళీ రేగుతూ కడుపు కింది దారి మూసుకుపోయిందన్నారు. ఇక్కడ తిరుపతిలోనే ఆపరేషన్ చేయించుకున్నా. కడుపు కింది సగం తీసేసి మిగతాది పేగుకు కలిపారు. తీసిన ముక్కను పరీక్షకు పంపితే క్యాన్సర్ లేదని వచ్చింది. ఇవాల్టికి 24 రోజులు.

మొన్న మా పిన్ని కొండకు పోయి లడ్డూ తెచ్చింది. స్వామి ప్రసాదం కదా అని సగం తిని, పైన గ్లాసుడు నీళ్ళు తాగినా. పావుగంట కాలేదు, గుండె దడదడలాడింది. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. నిలబడలేక వంటింట్లో గోడకానుకుని కూలబడ్డా. పాప వచ్చి తన గౌను అంచుతో నా మొహం తుడుస్తా ఉంది. మాయమ్మ పాలు కలుపుకొస్తే వాసనకే వికారం. అరగంట పడుకున్నాక సర్దుకుంది. ప్రసాదం తిని ఇట్లా ఎందుకయిందో తెలియక అమ్మ ఏడ్చేసింది.

ఇంకో 20 రోజుల్లో ప్రయాణం. ఇక్కడ అమ్మ అన్నీ నోటికి అందిస్తా ఉంది. అక్కడ ఆయన పొద్దున అయిదుకే డ్యూటీకి పోతారు. బాబును స్కూలు బస్సెక్కించాలి, పాపను ఎత్తుకోవాలి, వంట చేయాలి. విమానం ఎక్కొచ్చా? ఏం తినాలి? ఇంకొకటి, బాగయితే అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నా. పోయేలోపు తీర్చుకోవచ్చా? ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

కొర్లగుంట అక్క

చెల్లీ, నాకు 2017లో ఇదే ఆపరేషన్ అయింది, అదీ కువైట్‌లోనే. అప్పుడు సాల్మియాలో ఉండేవాళ్ళం. ఇద్దరు పిల్లలు, మా అమ్మకు వీసా దొరకలేదు. ఇప్పుడు తిరుపతిలోనే స్థిరపడ్డాం. నువ్వు రాసింది చదివితే ఆ రోజులన్నీ గుర్తొచ్చాయి.

ముందు ఆ లడ్డూ సంగతి. నీకు అపచారమూ కాలేదు, ఆపరేషనూ చెడలేదు. దాన్ని డంపింగ్ అంటారు. మన ఊళ్ళల్లో చెరువుకు తూము ఉంటుంది కదా, నీళ్ళు ఒకేసారి పోకుండా కావలసినంతే వదలడానికి. కడుపు కింది వైపు అట్లాంటి తూమే ఉంటుంది. తిన్నదాన్ని ఆపి, నలిపి, కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. నీకు ఆ తూము తీసేశారు. తీపి తిని నీళ్ళు తాగితే అంతా గండి పడ్డట్టు ఒక్కసారే పేగులోకి దిగుతుంది. ఆ చక్కెరను పలచన చేయడానికి ఒంట్లో నీరు పేగులోకి లాగేసుకుంటుంది. అందుకే దడ, చెమట, కళ్ళు తిరగడం. తిన్న 10 నిమిషాల నుంచి గంట లోపల వచ్చేది ఇది.

ఇంకో రకం ఉంది, అది తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కేసరికి ఇన్సులిన్ ఎక్కువ ఊరి, తర్వాత షుగరు బాగా పడిపోతుంది. చేతులు వణుకుతాయి, ఆకలి దంచేస్తుంది, చూపు మసకబారుతుంది. పిల్లలతో ఒంటరిగా ఉండేదానివి, ఇదే నాకు భయం. షుగరు చూసుకునే చిన్న మిషన్ ఒకటి కొనిపెట్టుకో. అట్లా అనిపించినప్పుడు చూసుకుని, నిజంగా తగ్గి ఉంటే రెండు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగు, సర్దుకున్నాక ఒక గుడ్డో కాస్త పెరుగన్నమో తిను. నాకు ఒకసారి పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చేటప్పుడు కారు నడుపుతుండగా వచ్చింది. పక్కకు ఆపి కూర్చున్నా. ఆ తర్వాత రెండు నెలలు స్టీరింగ్ ముట్టలేదు.

తిండి గురించి. పళ్ళెం పక్కన పెట్టెయ్. మీ పాప ఉగ్గుగిన్నె ఉంటే అది తీసుకో, ఒక పూటకు అంతే. అట్లా రోజుకు ఆరేడు సార్లు. ఫోన్లో అలారం పెట్టుకో. మా పెద్దోడు అలారం మోగితే "అమ్మా, నీ గిన్నె" అని అరిచేవాడు. ఆకలి వేయలేదని మానొద్దు. కొన్నాళ్ళు ఆకలి సరిగ్గా తెలియదు. నేను అదే తప్పు చేసి మూడు నెలల్లో 11 కిలోలు తగ్గిపోయా. అన్నంతో పాటు నీళ్ళు తాగొద్దు, తినడానికి అరగంట ముందు, తిన్న అరగంట తర్వాత తాగు. తిన్నాక పావుగంటో అరగంటో నడుం వాలిస్తే దడ బాగా తగ్గుతుంది.

ముందు గుడ్డు, పప్పు, చేప, పెరుగు తిను, అన్నం ఆ తర్వాతే. గిన్నె చిన్నది కదా, అన్నంతో నింపితే బలమిచ్చేది లోపలికి పోదు. మెత్తని ఇడ్లీ, పెసరపప్పు కట్టు, ముళ్ళు తీసిన చేప, పెరుగన్నం నాకు బాగా పడ్డాయి. రాగి జావ అయితే బెల్లం లేకుండా, మజ్జిగ, ఉప్పు వేసుకుని. సంగటి ముద్ద ఇప్పుడే వద్దు. ఊరిమిండి పచ్చడి కూడా కొన్నాళ్ళు దూరం. పీచు, నార ఉండేవి జాగ్రత్త: మునక్కాయ, పచ్చి కొబ్బరి, తొనల మీది తెల్ల పొర తీయని నారింజ. సగం కడుపులో అవి ఉండకట్టి అడ్డం పడతాయి. కువైట్‌లో చలికాలం కాకా అని నారింజ రంగు పండు అమ్ముతారు కదా, పెర్సిమన్, దాని జోలికి అసలు పోవద్దు. అది కడుపులో రాయిలా గట్టిపడుతుంది. ఖర్జూరాలు ఎవరింటికి పోయినా చేతిలో పెడతారు. లడ్డూ చేసిన పనే అవీ చేస్తాయి. తీసుకుని సంచిలో వేసుకో, పిల్లలు తింటారు.

నీ మంటకు నొప్పి మాత్రలు కూడా కారణమై ఉండొచ్చు. ఇకమీదట డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ముట్టుకోవద్దు, కలిపిన చోట మళ్ళీ పుండు లేస్తుంది. తలనొప్పికి పారాసిటమాల్ చాలు. హెచ్. పైలోరి అనే క్రిమికి పరీక్ష చేశారా, మందు ఇచ్చారా, అది పోయిందని మళ్ళీ చూశారా, డాక్టరును అడిగిపెట్టుకో.

ఇక ఎత్తడం. ఇది నా ఏడుపు, విను. ఆపరేషన్ అయిన అయిదో వారం, ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నారు. డిస్పెన్సర్‌లో నీళ్ళయిపోయాయి, చిన్నది దాహమని ఏడుస్తోంది. ఆ పెద్ద క్యాను నేనే ఎత్తి బోర్లించా. దాదాపు 19 కిలోలు. ఆ క్షణానికి ఏమీ కాలేదు. రెండు నెలలకు దగ్గినప్పుడల్లా బొడ్డు పైన నిమ్మకాయంత ఉబ్బు పైకి లేవడం చూశా. హెర్నియా. కుట్టిన కండ విడిపోయింది. మళ్ళీ కోసి జాలీ వేయాల్సి వచ్చింది, మళ్ళీ ఆరు వారాలు పిల్లలు నా ఒడికి దూరం. ఆ రాత్రి కింద ఉండే వాచ్‌మన్‌ని పిలిస్తే రెండు నిమిషాల పని. పిలవడానికి మొహమాటపడ్డా. నువ్వు పడొద్దు.

ఆరు వారాల వరకు 4, 5 కిలోలకు మించి ఎత్తకూడదు, ఆ తర్వాతా సర్జన్ సరేనన్నాకే. మూడేళ్ళ పాప 12, 13 కిలోలు ఉంటుంది. అందుకని పాపే నీ దగ్గరికి ఎక్కేలా చెయ్యి. సోఫా ముందు చిన్న పీట వెయ్. నువ్వు కూర్చుని ఒళ్ళో దిండు పెట్టుకుంటే, ఎక్కి నీ పక్కకు వస్తుంది. "అమ్మ పొట్టలో కుట్లున్నాయి, మెల్లగా" అని ఇప్పటి నుంచే అలవాటు చెయ్యి. మంచం మీద నుంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, చేత్తో నెట్టుకుంటూ లేవాలి. దగ్గు, తుమ్ము వస్తే దిండు పొట్టకు గట్టిగా హత్తుకో.

అలిపిరి మెట్లు 3,550. వద్దు చెల్లీ. నడవడం మంచిదే, పొద్దునా సాయంత్రం మీ వీధిలోనే పది నిమిషాలతో మొదలుపెట్టు. మొక్కు వచ్చే ఏడాదికి ఉంచుకో. ఇప్పుడు బస్సులో పోయి దణ్ణం పెట్టుకునిరా, అదీ క్యూలో గంటలు నిలబడే పని లేకుంటేనే.

చిత్తూరు రిటైర్డ్ నర్సమ్మ

అమ్మాయీ, కొర్లగుంట ఆమె బాగా చెప్పింది. నేను సర్జికల్ వార్డులో చాలా ఏళ్ళు పనిచేసినదాన్ని, కొన్ని కలుపుతాను.

పెద్ద ఆపరేషన్ అయిన పది రోజుల దాకా విమానం వద్దంటారు. నీకు అప్పటికి 44 రోజులు అవుతాయి కాబట్టి మామూలుగా అయితే ఎక్కవచ్చు. కానీ సర్జన్ చూసి రాసిచ్చిన ఉత్తరం చేతిలో ఉండాలి. విమానం ఎగిరేది మద్రాసు నుంచి కదా, తిరుపతి నుంచి అక్కడికి కారులోనే మూడు గంటలు పైన, ఆపైన విమానంలో అయిదు గంటలు. ఆపరేషన్ అయినవాళ్ళకు కొన్ని వారాల దాకా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. కారును పుత్తూరులోనో నగరిలోనో ఆపి దిగి నడువు. విమానంలో గంటకోసారి లే, కూర్చున్నా మడమలు ఆడిస్తూ ఉండు. బిగుతు మేజోళ్ళు కావాలేమో డాక్టరును అడుగు. సీటుబెల్టుకూ పొట్టకూ మధ్య మెత్తని తువ్వాలు పెట్టుకో. వీల్‌చైర్‌కు రెండు రోజుల ముందే ఎయిర్‌లైన్స్‌కు చెప్పు. నడవగలిగినా అడుగు, లేకుంటే ఆ బ్యాగులు నువ్వే లాగుతావు.

డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు మూడూ తీసుకో. కడుపును పేగుకు ఎట్లా కలిపారో, ఆ పద్ధతి పేరు, నోట్సులో స్పష్టంగా ఉండాలి. అక్కడ ఏ డాక్టరయినా మొదట అడిగేది అదే. మందులకు కంపెనీ పేర్లు కాకుండా అసలు మందు పేర్లు రాయించుకో.

బీ12 విటమిను మరవకు. అది ఒంటికి పట్టాలంటే కడుపులో ఊరే ఒక పదార్థం కావాలి. ఒంట్లో నిల్వ కొన్నేళ్ళు ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. తర్వాత కాళ్ళు తిమ్మిరి, మతిమరుపు, రక్తహీనత వస్తాయి. ఐరను, కాల్షియం, డి విటమిను కూడా రక్తపరీక్షల్లో చూపించుకుంటూ ఉండాలి. ఐరను మాత్ర కాఫీ, పాలతో వేసుకోవద్దు, కాల్షియం మాత్రకూ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. కాల్షియంలో సిట్రేటు రకం అడుగు, ఆమ్లం తగ్గిన కడుపుకు అది బాగా పడుతుంది.

100.4 దాటి జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము, ఆగని వాంతులు, తారులా నల్లటి విరేచనం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు తల్లీ. కువైట్‌లో అత్యవసరానికి 112. ఆ నంబరు బాబుకు నేర్పించు, ఎనిమిదేళ్ళవాడు చేయగలడు. ఇంటి అడ్రసు కూడా చెప్పడం రావాలి.

పలమనేరు తమ్ముడు, కువైట్ ఫర్వానియా నుంచి

అక్కా, ఒక ముఖ్యమైన మాట. మీ నొప్పి మాత్రల చీటీలో ట్రమడాల్ ఉందేమో చూసుకోండి. మన దగ్గర ఆపరేషన్ తర్వాత మామూలుగా రాస్తారు. గల్ఫ్ దేశాల్లో దాని మీద గట్టి ఆంక్షలున్నాయి, ఎయిర్‌పోర్టులో దొరికితే కేసవుతుంది. కోడీన్ ఉండే దగ్గు మందు కూడా అంతే. అవి ఇంట్లోనే వదిలేసి రండి. మిగతా మందులు వాటి డబ్బాల్లోనే, చీటీతో సహా చేతి బ్యాగులో పెట్టుకోండి. ఊరుగాయ జాడీలు, కందిపొడి అని అమ్మ 30 కిలోలు సర్దుతుంది, ఈసారి వద్దనండి.

తొందరపడి రావాల్సిన పని లేదేమో కూడా లెక్క చూసుకోండి. 6 నెలలు దాటి బయట ఉంటేనే అకామాకు, అంటే అక్కడ ఉండే అనుమతికి, ఇబ్బంది. అన్న ఒప్పుకుంటే ఇంకో నెల అమ్మ దగ్గర ఉండటమే మేలు. మీరు ఉండేది అబ్బాసియాలో కదా, బిల్డింగుకు రెండు మూడు తెలుగు కుటుంబాలు ఉంటాయి. బాబును బస్సెక్కించే పని వాళ్ళల్లో ఒకరికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.

తిరుచానూరు అమ్మాయి

అందరికీ చేతులెత్తి దణ్ణం. చీటీ చూస్తే ట్రమడాల్ ఉంది, తీసి పక్కన పెట్టేశా. సర్జన్‌ను కలిశాం. నా టికెట్టు ఇంకో మూడు వారాలు వాయిదా వేశాం. బాబు ఒక్కడే ముందు పోయి వాళ్ళ నాన్న దగ్గర ఉంటాడని దిగులుగా ఉన్నా, మా ఎదురింటి తెనాలి ఆమె వాడి క్యారియరు తను కడతానంది. హెచ్. పైలోరి పరీక్ష మళ్ళీ చేయిస్తున్నారు.

పాప ఉగ్గుగిన్నెలో తింటుంటే అది "నాది ఇచ్చేయ్" అని గోల. రెండోది కొన్నాం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. నాలుగు రోజులుగా దడ రాలేదు.

అక్కా, ఒక్కటే అడుగుతా. సంగటి ఎప్పటికి తినొచ్చు?

కొర్లగుంట అక్క

రెండు నెలలు దాటాక, మీ సర్జన్ మామూలు తిండి సరేనన్నాక మొదలుపెట్టు చెల్లీ. ముద్ద గట్టిగా కాకుండా జారుగా కెలకమను. నిమ్మకాయంత తీసుకుని, పప్పులో బాగా కలిపి, మన అలవాటు ప్రకారం మింగేయకుండా నమిలి తిను. రెండు రోజులు చూసి ఇంకో నిమ్మకాయంత. నేను ఇప్పుడు పూటకు ఒక చిన్న ముద్ద, పుల్లగూరతో తింటున్నా.