షాపు ఇన్సూరెన్సా, ఆ డబ్బుతో వైరింగూ ర్యాకులా? మా ఇంట్లో తేలడం లేదు

సింగ్‌నగర్_జిరాక్స్:
విజయవాడ సింగ్‌నగర్‌లో మాకు జిరాక్స్, స్టేషనరీ షాపు ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు కౌంటరు దాటి వచ్చాయి. కింది అరల్లో ఉన్న ఏ4 బండిళ్లు నీళ్లు తాగి ఎంత ఉబ్బాయంటే, ర్యాకు ఇనప పలకలు బయటికి వంగిపోయాయి. కట్టలు లాగితే రాలేదు, గడ్డపార పెట్టి పెళ్లగించాం.

సరుకు పూచీ మీద బ్యాంకు ఇచ్చే సీసీ లోన్ ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ బ్యాంకువాళ్లే చేయిస్తారు, ప్రీమియం ఏటా అకౌంట్లోంచి కోసుకుంటారు. పాలసీ కాగితం మా చేతికి ఎప్పుడూ రాలేదు. వరద తగ్గాక పట్టుబట్టి తెప్పించుకుంటే అసలు సంగతి బయటపడింది. లోన్ ఎంతో సరుకు విలువా అంతే వేశారు, 6 లక్షలు. మెషీన్ల ఊసే లేదు. ఆ రోజు షాపులో ఉన్న సరుకు 12 లక్షలది, పాడైంది 5 లక్షలది. అందులో సగం లెక్కగట్టి, ఇంకొంత కోసి, మిగిలింది నేరుగా లోన్ ఖాతాలో వేశారు.

మా బావ అనేదేంటంటే, బ్యాంకు కోసం తప్పనిది కట్టు, అంతకు మించి పైసా వద్దు, ఆ డబ్బుతో వైరింగ్ మార్పించు, ర్యాకులు ఎత్తు చేయించు అని. నాకేమో సొంతంగా పూర్తి విలువకి పాలసీ తీసుకోవాలని ఉంది. రెండు కుటుంబాలు ఒకే షాపు మీద బతుకుతున్నాయి, పంతాలకి పోతే కుదరదు. మీరేమంటారు?

గుంటూరు_మిర్చి:
మీ బావకి నా తరఫున ఒక దండం పెట్టండి. కట్టేటప్పుడు ఏజెంటు ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్తాడు, క్లెయిమ్ అనగానే ఫోన్ ఎత్తడు. నష్టం లెక్కగట్టే సర్వేయర్‌కి ఫీజు ఇచ్చేది కంపెనీ, మరి ఆయన ఎవరి వైపు రాస్తాడు? నేను మా కొట్టుకి ప్రీమియం ఎంతవుతుందో లెక్కేసుకుని ఆ డబ్బు ఏటా ఎఫ్‌డీలో వేస్తున్నా. ఏమీ కాకపోతే వడ్డీతో సహా నాదే. ఏదన్నా అయితే ఎవరి కాళ్లూ పట్టుకోకుండా తీసుకుంటా.

సర్వే_బాబాయ్:
ఎవరి వైపు రాస్తాడు అన్నారు కాబట్టి, రాజమండ్రిలో ఆ పని చేసి మానేసినవాణ్ణి, నేనే చెబుతా. ఫీజు కంపెనీదే, దాచేదేం లేదు. కానీ మీ డబ్బు సగానికి కోసింది సర్వేయర్ కాదు, ఆ 6 లక్షల అంకె. 12 లక్షల సరుకుని 6కి రాయిస్తే సగం రిస్కు మీ నెత్తినే ఉన్నట్టు. నష్టం 6 లక్షల లోపే అయినా సరే, సగమే ఇస్తారు. చాలామంది ‘6కి రాయించాం కాబట్టి 5 అయితే 5 వస్తుంది’ అనుకుని ఇక్కడే దెబ్బతింటారు.

2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అని ఒక ఫైర్ పాలసీ పెట్టారు. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల దాకా ఇదే. కంపెనీ మారినా అందులో రాసిన షరతులు మారవు. ఇందులో 15 శాతం దాకా తక్కువ రాయించినా ఆ కోత వేయరు. మీ బ్యాంకు 12కి బదులు పదిన్నర రాయించి ఉన్నా 5 లక్షలకీ పూర్తి లెక్క కట్టేవాళ్లు.

వరద అందులోనే ఉంటుంది, విడిగా అడగక్కర్లేదు. దొంగతనం మాత్రం ఉండదు. నిప్పో నీళ్లో వచ్చాక 7 రోజుల్లోపు ఆ గందరగోళంలో పోయిన సరుకుకి తప్ప మిగతా దానికి బర్గ్లరీ పాలసీ వేరే. మీ వ్యాపారానికి పనికొచ్చేది ఇంకోటి ఉంది. జిరాక్స్ మెషీన్ తనలో తనే షార్ట్ అయి కాలిపోతే, ఆ మెషీన్‌కి ఫైర్ పాలసీలో రూపాయి రాదు. దాన్నుంచి మంట పాకి కాలిన పక్క మెషీన్‌కీ కాగితాలకీ వస్తుంది. ఆ మొదటిదానికీ కావాలంటే ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ తీసుకోవాలి.

గుంటూరు తమ్ముడూ, ఎఫ్‌డీ మంచిదే. మొదలెట్టిన రెండో ఏడే మునిగితే అందులో రెండేళ్ల ప్రీమియమే ఉంటుంది.

గుంటూరు_మిర్చి:
ఇన్ని ‘తప్ప’లూ ‘మాత్రం’లూ ఉన్న కాగితం చదవడానికి మళ్లీ మీలాంటి బాబాయ్ ఒకరు కావాలి, అదే నేననేది! సామాన్యుడికి అది అమ్మేటప్పుడు ఇవన్నీ ఎవడు చెప్తున్నాడు?

కరెంటు_శ్రీను:
మాది తెనాలి. పాలసీల సంగతి నాకు తెలీదు, కాలిన షాపుల్లో బోర్డులు ఊడదీసేది నేను. అందరూ షార్ట్ సర్క్యూట్ అంటారు. విప్పి చూస్తే ఎక్కువసార్లు కనపడేది ఒకటే. రెండున్నర ఎస్‌క్యూ ఎంఎం వైరు లాగి ఉంటుంది, ఏసీ పెట్టాక ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందని 16 తీసేసి 32 ఆంప్స్‌ది వేయించి ఉంటారు. ఇంకేముంది, వైరు కాలుతున్నా అది పడదు. ఎంసీబీ పడుతోందంటే వైరు మార్చమని అర్థం, ఎంసీబీని కాదు.

ఆర్‌సీసీబీ వేయించాం, ఇక భయం లేదంటారు కొందరు. 30 మిల్లీ ఆంప్స్‌ది మనిషికి షాక్ కొట్టకుండా కాపాడుతుంది. లోడ్ ఎక్కువై వైరు వేడెక్కితే దానికి సంబంధం లేదు, ఆ పని ఎంసీబీది. రెండూ ఉండాలి. స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడితే 230 రావాల్సిన చోట 400 దాకా వచ్చి వరసబెట్టి అన్నీ పోతాయి. జిరాక్స్ మెషీన్లున్న చోట ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించుకోవడం మంచిది, మెషీన్ ధరతో పోలిస్తే అదేమంత ఖర్చు కాదు.

కాగితాల షాపు కాబట్టి ఇంకొక్క మాట. కెమెరాకీ వైఫైకీ విడిగా ఒక లైన్ లాగించుకుంటే, రాత్రి షట్టర్ దించేముందు మిగతా మెయిన్ మొత్తం ఆపేసి వెళ్లొచ్చు. మంటలార్పే ఏబీసీ సిలిండర్ మెషీన్ల వెనకాల కాదు, గుమ్మం పక్కన తగిలించండి. మంట దాటుకెళ్లి తెచ్చుకోలేరు కదా. ముల్లు పచ్చగీతలో ఉందో లేదో అప్పుడప్పుడు చూడండి.

సీఏ_లక్ష్మి:
ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్తాను. సరుకు మునిగో కాలో పోతే, కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి మీరు తీసుకున్న మినహాయింపు, అదే ఇన్‌పుట్ క్రెడిట్, వెనక్కి కట్టాలి, సెక్షన్ 17(5)(హెచ్). అంటే మీ అసలు నష్టం సరుకు ధర ప్లస్ పన్ను. విలువ రాయించేటప్పుడు జీఎస్టీ కలిపి రాయించండి, కలిపామని ప్రపోజల్‌లో కనపడాలి కూడా. లేకపోతే పన్ను లేకుండా లెక్కగట్టి ఇస్తే అడగడానికి ఏమీ ఉండదు.

ఇంకోటి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ తీసేసింది వ్యక్తులు తీసుకునే హెల్త్, లైఫ్ పాలసీలకే. షాపు పాలసీకి 18 శాతం అలాగే ఉంది. రెగ్యులర్ స్కీమ్‌లో ఉంటే అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది, టర్నోవర్ మీద కొద్ది శాతం కట్టే కాంపొజిషన్‌లో ఉంటే రాదు.

సింగ్‌నగర్_జిరాక్స్:
మేడమ్, ఈ జీఎస్టీ సంగతి మా అకౌంటెంట్ కూడా చెప్పలేదండీ. బాబాయ్ గారూ, బ్యాంకు చేయించే పాలసీ వద్దని నేనే వేరే కంపెనీలో తీసుకోవచ్చా?

సర్వే_బాబాయ్:
తీసుకోవచ్చు. మీ పాలసీలో బ్యాంకు పేరు చేర్పించి, కాపీ బ్రాంచిలో ఇచ్చి, సంతకంతో రసీదు తీసుకోండి. రెన్యువల్‌కి నెల ముందే ఇవ్వాలి, లేకపోతే అలవాటుగా వాళ్లదీ కోసేస్తారు. క్లెయిమ్ డబ్బు బ్యాంకుకే వెళ్తుంది, అది మారదు. కానీ అప్పు పోను మిగిలేంత విలువకి రాయించుకుంటే ఆ మిగిలింది మీది. సరుకుతోపాటు మెషీన్లు, ఫర్నిచర్ విడివిడిగా రాయించండి. గోడౌన్ వేరే వీధిలో ఉంటే ఆ అడ్రసు కూడా పాలసీలో ఉండి తీరాలి.

మళ్లీ నీళ్లొస్తే ఏదీ పారేయకండి. గోడ మీద నీటి చార కనపడేలా ఫోటోలు తీసుకోండి, సర్వేయర్ వచ్చేదాకా తడిసిన కట్టలు అలాగే ఉంచండి. బిల్లు పుస్తకాలు నానిపోయినా, హోల్‌సేలర్ దగ్గర మీ లెడ్జర్ ఉంటుంది, జీఎస్టీ పోర్టల్లో కొనుగోళ్లు ఉంటాయి. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది.

కూకట్‌పల్లి_పళ్లడాక్టర్:
మీరంతా షాపులో పోయినదాని గురించే మాట్లాడుతున్నారు. మీ షాపులో మంట పుట్టి పైఅంతస్తువాళ్లకి ఏమన్నా అయితే? ఫైర్ పాలసీ మీ సరుకుకి ఇస్తుంది, వాళ్లకి ఇవ్వదు. దానికి పబ్లిక్ లయబిలిటీ కవర్ వేరే. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్‌హౌజ్‌లో కింద షాపులు, పైన ఇల్లు ఉన్న బిల్డింగ్‌లో 17 మంది పోయారు. అక్కడ ఎవరికి ఎంత పాలసీ ఉందన్న మాటకి అర్థమే లేదు. మెట్లకింద అట్టపెట్టెలు, మీటర్ల పక్కన స్కూటర్ ఛార్జింగ్ పెట్టే అలవాటు మానకపోతే ఏ పాలసీ ఏం చేస్తుంది? ఈ విషయంలో నేను బావగారి వైపే.

మా వృత్తిలో మాత్రం పాలసీ లేకుండా కుదరదు. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక క్లినిక్ ఉన్నవాళ్లంతా, పేషెంటు కేసు వేస్తే ఆదుకునే ఇండెమ్నిటీ పాలసీ తీసుకుంటున్నాం. అది కేసు వేసిన ఏడాది నడుస్తున్న పాలసీని చూస్తుంది. మధ్యలో ఒక్క ఏడు వదిలేస్తే పాత పేషెంట్లందరి విషయంలో రక్షణ పోయినట్టే.

సింగ్‌నగర్_బావ:
నేనే ఆ బావని. నన్ను ఇన్సూరెన్స్ శత్రువుని చేసేశారు కాబట్టి అకౌంట్ తెరవాల్సి వచ్చింది.

ఆ రోజు షాపులో ఒకమ్మాయి టెన్త్ సర్టిఫికెట్ లామినేషన్‌కి ఇచ్చింది ఉంది. ఇంకెవరివో పొలం దస్తావేజులు బైండింగ్‌కి ఇచ్చినవి ఉన్నాయి. అన్నీ పైఅరలో ఉన్నాయి కాబట్టి చెమ్మ కూడా తగల్లేదు. అవి తడిసి ఉంటే ఏ కంపెనీ ఎన్ని లక్షలిస్తే ఆ అమ్మాయికి మొహం చూపించేవాళ్లం? సరుకు పోతే మళ్లీ కొనుక్కుంటాం. సింగ్‌నగర్‌లో ఒకసారి పేరు పోతే ఆ బోర్డు పీకేసుకోవాల్సిందే. ముందు ర్యాకులు, తర్వాత పాలసీ అన్నాను. పాలసీయే వద్దనలేదు, మా వాడు సగమే రాశాడు.

సర్వే_బాబాయ్:
బావగారూ, సర్టిఫికెట్ల మాటకి నా దగ్గర జవాబు లేదు, మీదే రైటు. కానీ ఆ పెద్ద మెషీన్లని ఏ అరలో పెడతారు? నలుగురు పడితే గానీ కదలవు. తెల్లవారుజామున నీళ్లొస్తే ఆ నలుగురూ ఎక్కడి నుంచి వస్తారు? ఎత్తగలిగినవి ఎత్తండి, ఎత్తలేనివాటికి పాలసీ రాయించండి.

గుంటూరు_మిర్చి:
సరే, మెషీన్లకి ఒప్పుకుంటా. సరుకుకి మాత్రం నా మాట మీదే ఉన్నా. రెండు నెలల్లో అమ్ముడుపోయే కాగితానికి ఏడాదంతా ప్రీమియం ఎందుకు? జూన్‌లో బడులు తెరిచే ముందు తప్ప షాపు నిండుగా ఉండేదెప్పుడు?

సర్వే_బాబాయ్:
ఆ జూన్‌లోనే కాలితే? ఎక్కువ సరుకుండే నెల చూసి విలువ రాయించమనేది అందుకే. క్లెయిమ్ తేడా వస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి. తిరస్కరిస్తే ఏడాదిలోపు ఇలాంటి ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఆంధ్రా తెలంగాణా రెండూ అక్కడికే. సొంత యాజమాన్యం కింద నడిచే షాపుల కేసులు కూడా తీసుకుంటారు, 50 లక్షల దాకా. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

సింగ్‌నగర్_జిరాక్స్:
బావా, ఇంట్లో అడిగితే ‘చూద్దాం’ అంటావు, ఇక్కడ ఇంత రాశావు! శ్రీను అన్నా, మన బోర్డు ఫోటో రేపు పెడతా, వైరు సైజు చూసి చెప్పు. సరుకు 14, మెషీన్లు 7, ఫర్నిచర్ 2 అని రాసి రెండు కంపెనీలని కొటేషన్ అడుగుతున్నా.

గుంటూరు_మిర్చి:
కొటేషన్ రాగానే అంకెలు ఇక్కడే పెట్టు తమ్ముడూ. ఆ ఎలక్ట్రానిక్ పాలసీ రేటు చూశాక కూడా ఇంతే హుషారుగా ఉంటావేమో చూద్దాం.