‘ఐజీ’ అంటే పోలీసేనా? తనిఖీ అన్న మాట గురించి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. మొన్న అమెరికా రక్షణ శాఖ వార్త ఒకటి మా నాయనకు చదివి వినిపిస్తున్నాను. ‘ఐజీ (ఇన్‌స్పెక్టర్ జనరల్) నివేదిక’ అనగానే ఆపి, “మిలిటరీలో పోలీసాయనకేం పనిరా?” అని అడిగినాడు. ఆయన తప్పు లేదు. మనకు ఐజీ అంటే పోలీసే. రిజిస్ట్రేషన్ల శాఖకూ ఒక ఐజీ ఉంటారని దస్తావేజులు రాసేవాళ్లకు తెలుసేమో. పైగా ‘జనరల్’ వింటే సైన్యాధిపతి గుర్తొస్తాడు. ఇక్కడ దాని అర్థం ‘అన్నింటికీ కలిపి’ అని మాత్రమే.

వాళ్ల సైన్యంలో ఈ పదవి 1777 నాటిది. 1978 చట్టంతో పౌర శాఖల్లోకీ వచ్చింది. ఆ అధికారి శాఖలోనే కూర్చుంటాడు, కానీ ఆరు నెలలకోసారి ఆయన నివేదిక కాంగ్రెస్‌కూ, అంటే వాళ్ల పార్లమెంటుకూ చేరాలి. రక్షణ మంత్రి దేశ భద్రత కారణంగా ఒక విచారణను ఆపవచ్చు, అయితే ఎందుకు ఆపాడో కాంగ్రెస్‌కు చెప్పుకోవాలి. నాకు బాగా నచ్చింది ఇదే.

మరి తెలుగులో ఏమందాం? నా ఓటు ‘తనిఖీ’కి. అరబీ ‘తన్‌ఖీహ్’ ఉర్దూ మీదుగా మనకు చేరింది. మాకు బళ్లారి దగ్గర కదా, అక్కడ కన్నడంలో ‘తనిఖె’ అంటే దర్యాప్తు. తమిళంలో ‘తణిక్కై’ అంటే లెక్కల ఆడిట్. మనకేమో వెళ్లి కళ్లారా చూసి రావడం. ఆ ఐజీ చేసే మూడు పనులూ ఇవే! అందుకే ‘ప్రధాన తనిఖీ అధికారి’ అందాం.

కర్నూలు నుంచి ఒకరు: తనిఖీ అంటే మా చిన్నప్పటి బడే గుర్తొస్తుందండీ. ఆఫీసరు వచ్చే ముందు రోజు గోడలకు సున్నం కొట్టేవాళ్లు. ఆ మాటలో భయం ఉంది కానీ అధికారం లేదు. మా ఊళ్లోనే లోకాయుక్త కార్యాలయం ఉంది, అలాంటి పేరైతే బరువుగా ఉంటుంది కదా?

నేను: సున్నం సంగతి నిజమే అన్నా. కానీ లోకాయుక్త శాఖలకు బయట ఉండే సంస్థ, ఈయన లోపలి మనిషి. ఆ తేడా పోకూడదు.

కడప నుంచి ఒకరు: అయితే ‘అంతర్గత’ చేర్చండి.

నేను: చేర్చితే బ్యాంకు ఆడిటర్ అనుకుంటారక్కా. వార్తలో మొదటిసారి ‘శాఖ లోపలే ఉండి శాఖను తనిఖీ చేసే ప్రధానాధికారి’ అని విడమరిచి, తర్వాత ‘తనిఖీ అధికారి’ అని రాస్తే చాలు. నాయనకు అట్లే చెప్పినాను. వెంటనే, “ఆయన్ను తీసేసే అధికారం ఎవరిది?” అని అడిగినాడు. అధ్యక్షుడిది, కానీ 30 రోజుల ముందే కాంగ్రెస్‌కు తెలియజేయాలి అన్నాను.