ఈ వారం సమస్య: బస్సు నెక్కనివారికే బస్సు దక్కె

మద్దిలపాలెం మాస్టారు:
అందరికీ నమస్కారం. ఈసారి తేటగీతి ఇస్తున్నాను. చివరి పాదం ఇది, పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

బస్సు నెక్కనివారికే బస్సు దక్కె

షరతు ఒక్కటే, పూరణ అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జీవితంలోంచి రావాలి. మాంట్‌గమరీ గుర్తొచ్చినవాళ్లకి సగం పని అయిపోయినట్టే. రానివాళ్ల కోసం చెబుతున్నాను. అలబామా రాష్ట్రంలో ఆ ఊళ్లో 1955 డిసెంబర్ 1న రోజా పార్క్స్ అనే కుట్టుపని చేసే ఆవిడ తెల్లవాడి కోసం సీట్లోంచి లేవనంది, అరెస్టు చేశారు, 5వ తేదీ నుంచి నల్లజాతివాళ్లు సిటీ బస్సులెక్కడం మానేశారు, 381 రోజులు ఎక్కలేదు. వాళ్లు ముందు నిలబెట్టిన పాస్టరు కింగ్‌గారికి అప్పటికి 26 ఏళ్లే. విరుద్ధంగా కనపడేది కారణంతో విడిపోవాలి సుమా, గణాలు కుదిరాయి కదా అని పంపేయకండి.

గాజువాక కుర్రోడు:
మాస్టారూ, షరతు చదవకముందే వచ్చేసింది, పారేయలేక పెడుతున్నాను.

ఫుట్టుబోర్డున వేలాడి పోవుటేల?
వెనుక వచ్చును ఖాళీది వెంటనంటి;
ఓర్చి నిల్చిన బుద్ధియే యుత్తమంబు;
బస్సు నెక్కనివారికే బస్సు దక్కె.

మద్దిలపాలెం మాస్టారు:
ఛందస్సు శుద్ధంగా ఉంది, ఫు కి పో కి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జత) చూసి నవ్వొచ్చింది. కానీ సాయంత్రం ఆరింటికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర గాజువాక బస్సు కోసం నిలబడ్డవాడెవడూ రెండో పాదం నమ్మడు. ఏ ఖాళీ బస్సు, ఏ వెంట? పోటీకి లెక్కలోకి రాదు, ఇంకోటి రాయి.

భీమిలి బాబాయి:
నా వంతు.

గాంధి చూపిన మార్గమే ఘనమటంచు
శాంతి నమ్మిన కింగను సాధువునకు
దైవమే దిగి తోడయ్యె దారిచూపి;
బస్సు నెక్కనివారికే బస్సు దక్కె.

సీతమ్మధార అక్క:
బాబాయ్, కోప్పడకండి. దేవుడే దిగొచ్చి పని చక్కబెట్టేస్తే ఇంక సమస్య ఏం విడినట్టు? ఎవరు ఎక్కలేదు, ఎందుకు ఎక్కలేదు, ఎలా దక్కింది, ఒక్కటీ పద్యంలో లేదు, పైగా "చూపిన", "చూపి" రెండుసార్లు పడింది. ఇంకో మాట, ఆయన అప్పటికి సాధువేం కాదు. ఇంటి మీద బాంబు పడ్డాక తుపాకీ లైసెన్సుకి అప్లికేషన్ పెట్టుకున్న మనిషి, అధికారులు ఇవ్వలేదు. ఇంట్లో కాపలాకి తుపాకులు కూడా ఉండేవి, బేయర్డ్ రస్టిన్ లాంటి అహింసావాదులు వచ్చి కూచుని మాట్లాడాక, రోజూ బెదిరింపు ఫోన్ల మధ్య ఉద్యమం నడుపుతూనే, అహింస అంటే ఏమిటో మెల్లగా వంటబట్టించుకున్నాడు. పుట్టుకతో వచ్చిందని రాసేస్తే ఆ కష్టమంతా పోతుంది.

భీమిలి బాబాయి:
సరేనమ్మా, దేవుణ్ణి బస్సు దింపేస్తాను. రేపు మళ్లీ వస్తా.

ఏయూ హాస్టల్ నుంచి:
నాకు గణాలు రావండి, వచన కవిత పెట్టొచ్చా?

చర్చి మెట్ల దగ్గర ఆగి
పాస్టరుగారు అన్నారు, ఇక చాలమ్మా, ఇవాళ్టికి ఎక్కెయ్యి అని.
కాళ్లు అలిసిపోయాయి బాబూ,
ప్రాణం మాత్రం సేదదీరింది, అంది ముసలమ్మ.
బస్సు నెక్కనివారికే బస్సు దక్కె.

మద్దిలపాలెం మాస్టారు:
పెట్టొచ్చు. మదర్ పోలార్డ్ అనే పెద్దావిడ నిజంగా అన్న మాట అది, కింగ్ తర్వాత ఎన్నో చోట్ల చెప్పుకున్నాడు. మెట్లు నువ్వు కట్టినవే కదూ? బాగున్నాయి. అయితే చివరి పాదం నీ కవితలో కలవలేదు, ఊరికే వచ్చి కింద నిలబడింది.

సీతమ్మధార అక్క:
ఇక నాది.

మడమలరిగిన నడిచిరి మానలేదు,
కారులున్నట్టివారలు కలిసి మోయ,
కాసు రాలక గల్లాలు ఖాళి కాగ
బస్సు నెక్కనివారికే బస్సు దక్కె.

గాజువాక కుర్రోడు:
అక్కా, మొదటి పాదం మొదటి మూడు గణాల్లో ఒక్క గురువు లేదు, అన్నీ లఘువులే, చదువుతుంటే నడుస్తున్నట్టే ఉంది! కానీ కింగ్ ఏడీ?

సీతమ్మధార అక్క:
కావాలనే పెట్టలేదు. కరపత్రాలు రాత్రికి రాత్రి వేల కొద్దీ తీసింది జో ఆన్ రాబిన్సన్ అనే లెక్చరరు. టాక్సీవాళ్లు బస్సు టికెట్టు రేటుకే, 10 సెంట్లకి ఎక్కించుకున్నారు, నగరంవాళ్లు కనీస చార్జీ 45 సెంట్లు వసూలు చేసి తీరాలని బిగించేసరికి సొంత కార్లు దిగాయి, దాదాపు 300. ఎక్కడ ఎక్కించుకోవాలి, ఎన్నింటికి, పెట్రోలు ఎవరు పోయిస్తారు, అన్నీ రోజూ చూసుకోవాలి. చర్చిల వాహనాలకి అక్కడి కంపెనీలు ఇన్సూరెన్సు రద్దు చేస్తే లండన్ లాయిడ్స్ దాకా వెళ్లి తెచ్చుకున్నారు. బస్సుల్లో నాలుగింట మూడొంతులు జనం వీళ్లే కాబట్టి గల్లా ఖాళీ అయింది. ఆయన గొప్ప మాటకారి, జైలుకీ వెళ్లాడు, కాదనను. పూరణలో కారణం కావాలన్నారు కదా, కారణం ఇది.

వన్‌టౌన్ వకీలు:
అక్కయ్యగారూ, సగమే కారణం. గల్లా ఖాళీ అయితే దిగొచ్చేది కంపెనీ, మొండికేసింది నగర పాలకులు. బస్సుల్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ సీట్లు విడదీసే చట్టాన్ని కొట్టేసింది సుప్రీంకోర్టు, 1956 నవంబర్ 13న. ఆ కేసు వేసింది నలుగురు నల్లజాతి ఆడవాళ్లు, అందులో క్లాడెట్ కాల్విన్ అనే అమ్మాయి రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 15 ఏళ్ల వయసులో, సీటు ఇవ్వనని అరెస్టయింది. తమాషా ఏమిటంటే సరిగ్గా అదే రోజు కింగ్ వేరే కోర్టులో కూచుని ఉన్నాడు, కార్ల ఏర్పాటు ఆపించాలని నగరం వేసిన దావాలో. ఓడిపోతామనే టెన్షన్‌లో ఉండగా ఢిల్లీ నుంచి, కాదు కాదు వాషింగ్టన్ నుంచి కబురు.

కార్ల నాపగ నగరము కోర్టుకెక్కె,
అచటె యుండగ కింగుకు నందె కబురు
పెద్దకోర్టున గెలుపంచు పేర్మి మీఱ;
బస్సు నెక్కనివారికే బస్సు దక్కె.

మద్దిలపాలెం మాస్టారు:
ఢిల్లీ అలవాటు పోదు వకీలుగారికి. ఘట్టం అద్భుతం, ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. కానీ మొదటి పాదంలో కా కి కో కి యతి చెల్లదు, "పేర్మి మీఱ" ఖాళీ పూడ్చడానికి వేసిన మట్టి.

గాజువాక కుర్రోడు:
"కార్ల నాపగ కోర్టుకు కదలె నగరి" అంటే?

మద్దిలపాలెం మాస్టారు:
భేష్! మాటలు అటూ ఇటూ జరిపాడంతే, యతి కుదిరింది. నీ ఖాళీ బస్సు పాపం సగం తీరింది.

సీతమ్మధార అక్క:
వకీలుగారు చెప్పింది కాదనలేను గానీ, తీర్పు కాగితం మాంట్‌గమరీకి చేరేదాకా, అంటే డిసెంబర్ 20 దాకా, ఆ దావాతో కార్లు ఆగిపోయినా సరే నడిచారు. కోర్టు గెలిచిందిలే అని మర్నాడే ఎక్కేసి ఉంటే మీ పద్యం చాలేది. నా మొదటి పాదం మార్చను.

భీమిలి బాబాయి:
వచ్చానండి. దేవుడు లేడు, సాధువూ లేడు.

బాంబు పేలిన యింటిలో పసిది యుండ
కత్తి దింపుడటంచును కాచె జనుల,
పగను పెంచక నడచెడి పట్టుచేత
బస్సు నెక్కనివారికే బస్సు దక్కె.

మద్దిలపాలెం మాస్టారు:
ఏటి బాబాయి, మొదటిదీ ఇదీ ఒకరే రాశారా? 1956 జనవరి 30 రాత్రి అది. కింగ్ మీటింగులో ఉన్నాడు, ఇంట్లో భార్య కొరెట్టా, చంటిపిల్ల. వాళ్లకి దెబ్బ తగల్లేదు. వరండా దగ్గరికి వచ్చేసరికి జనం తుపాకులతో, కర్రలతో రగిలిపోతున్నారు, అందర్నీ ఇళ్లకి పంపాడు. కుర్రోడు అడిగిన కింగ్ ఇక్కడున్నాడు, జనాన్ని కాస్తూ, జనంలోనే. ఒక్క "కాచె" అంత పని చేసింది.

వన్‌టౌన్ వకీలు:
కత్తి అన్నారు, తుపాకులు కదా?

భీమిలి బాబాయి:
తుపాకీకి కా తో యతి మీరు కుదర్చండి, మార్చేస్తాను.

మద్దిలపాలెం మాస్టారు:
ఈ వారం అక్క పూరణకే నా ఓటు, మూడో పాదం కోసం. బాబాయిది వెంట్రుకవాసి తేడా. వచ్చే వారానికి, 1963లో కింగ్ లేఖ రాసిన బర్మింగ్‌హామ్ జైలు గుర్తు పెట్టుకుని, మళ్లీ తేటగీతే:

కాగితము లేక రాసెను గడుసు లేఖ

గాజువాక కుర్రోడు:
వాట్సాప్‌లో పంపాడని పూరించేస్తా మాస్టారూ.

మద్దిలపాలెం మాస్టారు:
న్యూస్‌పేపరు అంచుల మీద రాశాడురా. ఆదివారం లోపు పంపు, యతి చూసుకుని.