యూఎస్ రిజెక్ట్ అయింది, కెనడా ఫామ్‌ల చెప్పాలెనా? చెప్పకుంటే వాళ్ళకెట్ల తెలుస్తది?

వరంగల్_పోరడు:
అన్నలూ ఒక డౌట్. జూలైల నానక్‌రామ్‌గూడ యూఎస్ కాన్సులేట్‌కి ఎఫ్1 (స్టూడెంట్ వీసా) ఇంటర్వ్యూకి పోయిన, రెండు నిమిషాలు గూడ కాలే, నాన్న ఏం జేస్తరు, ఎన్ని యూనివర్సిటీలకు పెట్టినవ్ అని అడిగి అద్దం కిందకెళ్ళి పాస్‌పోర్ట్ వాపస్ ఇచ్చింది, దాంతోని 214(బి) అని ఒక కాయితం, అంటే చదువైనంక తిరిగొస్తనని నమ్మకం కుదరలేదని. ఇప్పుడు కెనడాకి పెడ్తున్న. ఫామ్‌ల ఏ దేశమైనా నీకు వీసా రిజెక్ట్ చేసిందా అని అడుగుతున్నరు. మా కన్సల్టెన్సీ ఆయనేమో "నో" కొట్టు తమ్మీ, పాస్‌పోర్ట్ మీద ఏం స్టాంప్ లేదు గద, అమెరికోడు పోయి కెనడోనికి చెప్తడా అంటుండు. నిజంగనే గవర్నమెంట్లు ఒకరికొకరు చెప్పుకుంటయా లేకపోతే మనల్ని బెదిరియ్యనీకి అంటరా? ఎస్ కొడ్తే చూడంగనే పక్కన పడేస్తరని భయమైతుంది.

బ్రాంప్టన్_బాబాయ్:
చెప్పుకుంటారు తమ్ముడూ, ఇదేం పుకారు కాదు. అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఈ అయిదింటికీ మైగ్రేషన్ 5 అని ఒక గుంపు ఉంది, ఎం5 అంటారు, పాత పేరు ఫైవ్ కంట్రీ కాన్ఫరెన్స్. 2009లో వేలిముద్రలు పోల్చి చూసుకోవడం మొదలెట్టారు, అప్పట్లో దేశానికి ఏడాదికి 3,000 కేసులే పరిమితి. ఆ తర్వాత అమెరికా, కెనడా 2012 డిసెంబర్‌లో విడిగా ఒప్పందం చేసుకున్నాయి, ముందు పేరు, పుట్టినతేదీ లాంటివి, 2015 నుంచి వేలిముద్రలు కూడా, అంతా సిస్టమే చేసుకుంటుంది, ఎవడూ ఎవడికీ ఫోన్ చెయ్యక్కర్లేదు.

నువ్వు ఇంటర్వ్యూకి ముందు బయోమెట్రిక్ స్లాట్‌లో పది వేళ్ళూ పెట్టావు కదా. ఇప్పుడు కెనడాకి 85 డాలర్లు కట్టి మళ్ళీ అవే వేళ్ళు పెడతావు. ఆ ముద్రలు పేరు లేకుండా అవతలికి వెళ్తాయి, మ్యాచ్ కాకపోతే అక్కడితో సరి, మ్యాచ్ అయితే మాత్రం నీ పాత అప్లికేషన్, రిజెక్ట్ అయిన సంగతి అన్నీ వెనక్కొస్తాయి. మీ కన్సల్టెన్సీ ఆయన స్టాంప్ కోసం వెతుకుతున్నాడు, ఆఫీసరు చూసేది పాస్‌పోర్ట్ పేజీలు కాదు కదా.

తెనాలి_పిల్ల:
+1. మా పెద్దమ్మ వాళ్ళ అబ్బాయి అచ్చం ఇదే చేశాడు, పైగా పాస్‌పోర్ట్ కొత్తది వచ్చింది కాబట్టి పాత గొడవ పోయిందనుకున్నాడు. రెండు నెలలకి ప్రొసీజురల్ ఫెయిర్‌నెస్ లెటర్ వచ్చింది, నువ్వు నో అన్నావు, మా దగ్గర వేరేగా ఉంది, సంజాయిషీ చెప్పు అని. ఏజెంట్ నింపాడండీ అని రాశాడు, సంతకం నీదే కదా అన్నారు. తప్పుడు సమాచారం ఇచ్చాడని కెనడా ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 40 కింద అయిదేళ్ళు బ్యాన్. 214(బి) ఒక్కటే ఉంటే ఏమీ కాకపోను, మా బ్యాచ్‌లో అది ఉండి కూడా కెనడా వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు.

సందేహాల_సుబ్బయ్య:
అంటే అయిదుగురూ కుమ్మక్కయ్యారన్నమాట. 2024లో చూడండి, జనవరిలో యూకే చాలావరకు మాస్టర్స్ వాళ్ళకి డిపెండెంట్లని (భార్య/భర్త, పిల్లలు) ఆపేసింది, అదే నెల కెనడా స్టడీ పర్మిట్లకి క్యాప్ (ఇన్నే ఇస్తామని పరిమితి) పెట్టి అకౌంట్‌లో చూపించే డబ్బు 10,000 నుంచి 20,635 డాలర్లకి పెంచింది, మార్చిలో ఆస్ట్రేలియా నిజంగా చదువుకే వస్తున్నావా అని చూసే జెన్యూన్ స్టూడెంట్ టెస్ట్ అంది. ఇదంతా కాకతాళీయమా?

బ్రాంప్టన్_బాబాయ్:
సుబ్బయ్యగారూ, ఆఫీసర్లు కూర్చుని మాట్లాడుకుంటారు, పక్కవాడు ఏం చేశాడో చూస్తారు, అది మామూలే. కానీ క్యాప్ ఎంత, డబ్బు ఎంత అనేది ఎవడి పార్లమెంటు, ఎవడి ఎలక్షన్లు, ఎవడి ఇంటద్దెల గోల వాడిది. ఇక్కడ బేస్‌మెంట్ అద్దెలు చూస్తే ఎవరూ చెప్పకుండానే క్యాప్ ఎందుకొచ్చిందో అర్థమవుతుంది :)

మ్యూనిక్_మావయ్య:
యూరప్ అయినా అంతే. షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) షార్ట్-స్టే వీసాలకి వీఐఎస్ అని ఒకటే డేటాబేస్, 2011 నుంచి ఉంది, మన ఇండియాలో 2015 నవంబర్ నుంచి వేలిముద్రలు తీసుకుంటున్నారు. జర్మనీ కాదంటే ఫ్రాన్స్‌లో పెడదాం అనుకుంటే అక్కడ స్క్రీన్ మీద ముందే కనిపిస్తుంది.

వరంగల్_పోరడు:
సమజైంది అన్నలూ, థాంక్స్. ఎస్ కొట్టి, ఏ నెల, ఏ వీసా, 214(బి), తిరిగొస్త అని ప్రూవ్ చెయ్యలేకపోయిన అని నాలుగు లైన్లు రాస్త, ఆ కాయితం గూడ స్కాన్ పెడ్త. కానీ ఒక్క పరేషాన్, కెనడా అప్లికేషన్ అకౌంట్ ఆ కన్సల్టెన్సీ ఆయనే తెరిచిండు, పాస్‌వర్డ్ ఆయన దగ్గరనే ఉంది, పొద్దున్నుంచి ఫోన్ ఎత్తుతలేడు.

బ్రాంప్టన్_బాబాయ్:
ఇది ముందు చెప్పాలి కదయ్యా! రేపు పొద్దున్నే వెళ్ళి వాడి ఎదురుగా కూర్చుని పాస్‌వర్డ్ మార్చు. ఆల్రెడీ సబ్మిట్ కొట్టేసుంటే వాళ్ళు అడిగేదాకా ఆగకు, కెనడా ఇమిగ్రేషన్ వాళ్ళ వెబ్‌ఫామ్‌లో నువ్వే రాసెయ్యి, పొరపాటున నో పడింది, ఇదీ అసలు విషయం అని.

వరంగల్_పోరడు:
ఇప్పుడే చెల్లె అంటుంది, నిన్న మెయిల్‌కి ఫీజు రశీదు వచ్చిందంట. పోతున్న.