శుభలేఖలో ‘నడిపి కుమార్తె’ అని వేయించవచ్చా?

మాది రాజాం దగ్గర పల్లె. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. వచ్చే మాఘంలో మా అక్క కూతురి పెళ్ళి. ముగ్గురు ఆడపిల్లల్లో ఈ పిల్ల నడిపిది. శుభలేఖ రాసే పని నాకు అప్పజెప్పారు. ‘మా నడిపి కుమార్తె’ అని రాసి ప్రెస్సుకి తీసుకెళ్తే, అక్కడి అబ్బాయి ఆ మాట కొట్టేసి ‘ద్వితీయ పుత్రిక’ అని పెట్టాడు. ‘అలా ఎవరూ వేయించరండీ, బాగోదు’ అన్నాడు. మనసుకి కష్టమనిపించింది. నేనూ నడిపిదాన్నే. నా పెళ్ళి కార్డులోనూ ద్వితీయ పుత్రికనే.

ఒకసారి ఆలోచించండి. పెద్దమ్మాయి జ్యేష్ఠ పుత్రిక, అంటే అందరికంటే పెద్దది. చిన్నమ్మాయి కనిష్ఠ పుత్రిక, అంటే అందరికంటే చిన్నది. నడుమనున్న పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఒట్టి అంకె మిగిలింది. ఇద్దరిలో రెండోదీ ద్వితీయే, పదిమందిలో రెండోదీ ద్వితీయే. సంస్కృతంలో ‘మధ్యమ’ ఉన్నా కార్డుల్లో నేనైతే చూడలేదు. పైన ఒకరు, కింద ఒకరు ఉన్నారని మనం రోజూ చెప్పుకునే మాట ‘నడిపి’.

దీని మూలం ‘నడు’. నడుము, నడుమ, నడిరేయి, నడివీధి, నడినెత్తి అన్నీ అక్కడివే. ఈ ‘నడు’ తర్వాత అచ్చు వస్తే డకారం పోయి ‘ట్ట’ వస్తుందని బాలవ్యాకరణం చెబుతుంది. నడు, ఇల్లు కలిస్తే నట్టిల్లు. నడు, అడవి కలిస్తే నట్టడవి. తమిళంలో, కన్నడంలో కూడా ఇదే ‘నడు’. నట్టింట్లో దీపం పెట్టుకుంటాం, పెళ్ళికూతురిని నట్టింట్లోనే కూర్చోబెడతాం. ఆ నట్టిల్లు పుట్టిన మాటలోంచే నడిపి కూడా పుట్టింది. మరి ఇది మోటుమాట ఎలా అయింది?

మా చిన్నప్పుడు అమ్మ పొద్దున్నే చోడి (రాగి) అంబలి పోసేది. కుండలో పైన తేట, అడుగున చిక్కన. ముందు బడికి వెళ్ళేది అక్క కాబట్టి పై తేట దానికి. ఆఖరున లేచేది చెల్లి, దానికి అడుగుది, వేళ్ళకి అంటుకునేంత చిక్కగా. నా గ్లాసులో పోసే ముందు మాత్రం అమ్మ గరిటె అడుగుదాకా దింపి రెండుసార్లు తిప్పేది. ‘నడిపిదానికి కలిపి పోయాలి’ అనేది. గరిటె కుండ అడుగుకి తగిలే చప్పుడు నాకిప్పటికీ గుర్తే. కొత్త బట్టలప్పుడు, స్కూలు ఫీజులప్పుడు నన్ను మర్చిపోయిన రోజులూ ఉన్నాయి, కాదనను. కానీ అమ్మ నోట ఆ మాట విన్నప్పుడు ఒక్కసారి కూడా చిన్నతనం అనిపించలేదు.

మీ వైపు ఏమంటారు? కార్డులో ఎక్కడైనా చూశారా?

టెక్కలి నుంచి ఒక మాస్టారు: మా వైపు నడిపోడు, నడిపక్క, నడిపి మావయ్య అంటాం. నలుగురుంటే పెద నడిపి, చిన నడిపి. ‘ఇల్లు నడిపేవాడు కాబట్టి నడిపి’ అని మా తాత చెప్పేవారు. నిజమేనా అమ్మా?

నా జవాబు: తాతగారి మాట వినడానికి ఎంతో బాగుంది మాస్టారూ, కానీ నడచు, నడుపు వేరే కుదురు. తమిళంలో కూడా ‘నడ’ అంటే నడవడం, ‘నడు’ అంటే మధ్య. పెద నడిపి, చిన నడిపి నాకు కొత్త, రాసి పెట్టుకున్నాను. తెలంగాణలో నిజామాబాద్, జగిత్యాల వైపు నడిపి అనేది పేరులోనే చేరిపోతుంది. ఒకే ఇంట్లో పెద్ద రాజన్న, నడిపి రాజన్న, చిన్న రాజన్న ఉంటారు.

బొబ్బిలి నుంచి ఒకావిడ: మాట మంచిదే గానీ నడిపి పిల్లల గతి పురాణాల్లోనే ఉంది కదండీ. బాలకాండలో శునశ్శేపుడు! యాగపశువుగా ఒక కొడుకుని అమ్మమని రాజు వచ్చి అడిగితే, పెద్దవాణ్ణి ఇవ్వనని తండ్రి, చిన్నవాణ్ణి ఇవ్వనని తల్లి అంటే, ‘ఐతే నడిపివాణ్ణి అమ్మేసినట్టే, నన్ను తీసుకుపో’ అని రాజుతో తానే అన్నాడు.

నా జవాబు: ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి. అయితే భాసుడి సంస్కృత నాటకం మధ్యమవ్యాయోగం కూడా చూడండి. అక్కడా ముగ్గురు కొడుకులే, అక్కడా నడిపివాడే ఘటోత్కచుడి పాలబడ్డాడు. నీళ్ళు తాగి వస్తానని వెళ్ళి ఆలస్యం చేస్తే ఘటోత్కచుడు ‘మధ్యమా’ అని కేకేశాడు. ఆ కేకకి పలికినవాడు భీముడు. పాండవుల్లో కుంతి కొడుకులు ముగ్గురిలో అతనూ నడిపివాడే. వచ్చి, ఆ కుర్రాడికి బదులు తానే వెళ్ళాడు. ఒక నడిపివాడి పిలుపుకి ఇంకో నడిపివాడు పలికాడు. అందుకే పిలుపు ఉండాలంటాను నేను. ‘ద్వితీయా’ అని కేకేస్తే ఎవరు పలుకుతారు?

విజయనగరం నుంచి సైకాలజీ చదువుతున్న అబ్బాయి: పుట్టిన వరుసని బట్టి స్వభావం ఉంటుందన్న ఆలోచనని ఆడ్లర్ అనే మనస్తత్వవేత్త ప్రచారంలోకి తెచ్చాడు పిన్నీ. కానీ అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20 వేలకు పైగా మందిని పరిశీలించి 2015లో వెలువరించిన అధ్యయనంలో స్వభావం మీద ప్రభావం దాదాపు కనబడలేదు.

నా జవాబు: మంచి సంగతి చెప్పావు బాబూ. నడిపివాళ్ళ స్వభావం ఇలా ఉంటుందని నేను అనడం లేదు. ఇంట్లో వాళ్ళ చోటు చెప్పే మాట పోకూడదంటున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. నడిపి అని పిలవడానికి ఇళ్ళలో మూడో బిడ్డే అరుదవుతోంది. ఉన్న ఇళ్ళలోనైనా అచ్చులో కనబడితే మాట నిలుస్తుంది కదా.

నా జవాబు, మర్నాడు: అక్కా బావా ఒప్పుకున్నారు. సాయంత్రం ప్రూఫ్ వచ్చింది. ‘నడిమి కుమార్తె’ అని కొట్టారు. నడిమి తప్పు మాటేం కాదు. నడిమి వేలు, నడిమి గది అంటాం. మనిషికైతే మా ఇళ్ళలో నడిపే. ‘మి’ తీసి ‘పి’ పెట్టమని చెప్పి వచ్చాను.