బెంగళూరు మిద్దె మీద నుంచి నెబ్యులా ఫోటోలు: ఫిల్టర్ కొనాలా, ఊరు దాటి వెళ్లాలా?

మారతహళ్లి నుంచి:
నెబ్యులాలు, అంటే అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు తీయడానికి చిన్న టెలిస్కోప్, ఆకాశంతో పాటు తిరిగే ట్రాకింగ్ మౌంట్, కలర్ కెమెరా ఉన్నాయి. ఉన్న డబ్బుతో ఒక డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ (రెండు సన్నటి రంగుల కాంతిని మాత్రమే లోపలికి వదిలేది) కొనొచ్చు, లేదంటే ఈ చలికాలమంతా అమావాస్య వీకెండ్లకు చీకటి ఆకాశం కోసం హిందూపురం వైపు వెళ్లి ఫోటోలు తీసుకోవచ్చు. రెండూ కుదరవు. ఏది మేలంటారు?

జయనగర్ నుంచి:
ప్రయాణమే, ఆలోచించక్కర్లేదు. ఆకాశం వెలుగును మాగ్నిట్యూడ్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ చీకటి ఎక్కువ. నగరం నడిబొడ్డున ఆకాశం చదరపు ఆర్క్ సెకనుకు (ఆకాశంలో ఓ చిన్న ముక్కకు) సుమారు 18 మాగ్నిట్యూడ్ ఉంటే, మంచి పల్లె ఆకాశం 21 దగ్గర ఉంటుంది. 3 మాగ్నిట్యూడ్లంటే వెలుగులో దాదాపు 16 రెట్ల తేడా. అక్కడ గంటలో వచ్చేది ఇక్కడ 16 గంటలు తీస్తే గానీ రాదు. ఫిల్టర్ పెట్టి ఏదో ఎర్రగా తీసి అదే నెబ్యులా అంటే నేను ఒప్పుకోను, అవి నకిలీ రంగులు.

వైట్‌ఫీల్డ్ నుంచి:
అన్నా, మీ 16 రెట్ల లెక్క ఫిల్టర్ లేకుండా తీసినప్పటిది. రోజెట్ నెబ్యులా లాంటి వాటి వెలుగు ముఖ్యంగా కొన్ని సన్నటి గీతల్లోనే వస్తుంది: హైడ్రోజన్ ఆల్ఫా 656.3 నానోమీటర్ల దగ్గర, ఆక్సిజన్ 500.7 దగ్గర. మన వీధుల్లో ఎల్ఈడీ దీపాల వెలుగేమో స్పెక్ట్రమంతా పరుచుకుని ఉంటుంది, కాబట్టి ఆ రెండు చోట్లా చిన్న సందు వదిలి మిగతాదంతా ఆపేస్తే నెబ్యులా లోపలికొస్తుంది, దీపాల వెలుగు చాలావరకు బయటే ఆగుతుంది. మా మిద్దె మీద ఫిల్టర్ లేకుండా తీసిన ఐదు నిమిషాల ఫ్రేములో బూడిద రంగు తెర తప్ప ఏమీ కనబడదు. ఫిల్టర్ పెట్టిన ఒక్క ఫ్రేములోనే, ఇంకా స్టాకింగ్ (చాలా ఫ్రేములను ఒకటిగా కలపడం) చెయ్యకముందే, నడిమి నక్షత్ర గుంపు చుట్టూ వలయం, దాని లోపలి అంచున నల్లటి ధూళి ముద్దలు కనబడతాయి. పైగా రోజెట్ మనకు దాదాపు నడినెత్తిన వెళ్తుంది, సిటీలో ఆకాశం కాస్త నయంగా ఉండేది అక్కడే.

రంగులంటారా, 656 నిజంగానే ఎరుపు, 500 నీలం కలిసిన ఆకుపచ్చ. 1995లో హబుల్ తీసిన ఈగల్ నెబ్యులా స్తంభాల ఫోటోలో హైడ్రోజన్‌ను ఆకుపచ్చగా చూపించారు, దాన్ని నకిలీ అని ఎవరూ పారెయ్యలేదు కదా.

జయనగర్ నుంచి:
సరే, అదే ఫిల్టర్‌తో కృత్తికలు తీసి చూపించండి.

వైట్‌ఫీల్డ్ నుంచి:
రావు. కృత్తికల చుట్టూ ఉన్న నీలం రంగు, ధూళి మీద పడి చెదిరిన నక్షత్ర కాంతి, దాన్ని ఫిల్టర్ తినేస్తుంది. దేవయాని గెలాక్సీ కూడా అంతే, అది కోట్లాది నక్షత్రాల వెలుగు. వాటికి చీకటే కావాలి, ఇందులో నాకు వాదన లేదు. కానీ అమావాస్య, వీకెండు, మబ్బులేని రాత్రి మూడూ కలిసొచ్చేది ఎన్నిసార్లు? సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మిద్దెక్కి మొదలుపెట్టగలిగితే మామూలు వారాల్లోనూ గంటలు పోగవుతాయి. వెన్నెల్లో కూడా హైడ్రోజన్ బాగానే వస్తుంది, ఆక్సిజనే దెబ్బతింటుంది.

మారతహళ్లి నుంచి:
నాకు ముందు రోజెట్, గుర్రపు తల నెబ్యులాలు కావాలి. అయితే ఫిల్టరే.

జయనగర్ నుంచి:
కొనండి, కానీ మీది బాగా ఫాస్ట్ లెన్స్ (కాంతిని బాగా వాలుగా కేంద్రీకరించేది) అయితే మరీ సన్నటి బ్యాండ్ వద్దు, వాలుగా పడే కాంతికి ఆ సందు నీలం వైపు జరిగిపోతుంది. ఫిల్టర్ గెలాక్సీలకు పనికిరాదన్నది మాత్రం అలాగే ఉంది. మార్చి అమావాస్యకు సింహరాశిలో మూడు గెలాక్సీలు తీయడానికి హిందూపురం వైపు వెళ్తున్నా, కారులో సీటుంది, మౌంట్ తెచ్చుకోండి.